సొంతంగా ఫ్రెంచి – 8వ పాఠం: రెస్తే అంటే రెస్ట్ కాదండీ బాబూ

పోయినసారి ఇచ్చిన హోంవర్క్ జవాబులు చూశాక కాసేపు తల పట్టుకుని కూర్చున్నా. "జ రెస్త్ ఆ లా మెజోఁ" కి సగం మంది పైనే "ఐ రెస్ట్ ఎట్ హోమ్" అని రాశారు. అందుకే ఇవాళ మొదలెడదామనుకున్న కొత్త క్రియ పక్కన పెట్టేశా. ప్రెజెంట్ టెన్స్ రూపాలు మళ్ళీ చెప్పను, పార్లే (మాట్లాడు) ఎలా నడుస్తుందో రెస్తే కూడా అలాగే.

రెస్తే అంటే విశ్రాంతి కాదు, ఉండిపోవడం లేదా మిగలడం, అంటే ఆ హోంవర్క్ వాక్యం ఐ స్టే ఎట్ హోమ్. విశ్రాంతికి స రపోజే అని వేరే మాట ఉంది, "జ మ రపోజ్" అంటే ఐ యామ్ రెస్టింగ్. నేనూ ఇందులో పడ్డవాడినే లెండి. కొత్తలో ఆఫీసులో సాయంత్రం అందరూ బ్యాగులు సర్దుకుంటుంటే, కాసేపు నడుం వాలుస్తా అనే ఉద్దేశంతో "జ రెస్త్" అన్నా, అయితే ఉండు అని తాళాలు నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు! ఇంకో తిరకాసు ఏంటంటే ఇంగ్లీషులో రెస్ట్‌లు రెండు. విశ్రాంతి అనే రెస్ట్ ఇంగ్లీషు సొంత పాత మాట, "ది రెస్ట్ ఆఫ్ ద మనీ" లో మిగతా అనే రెస్ట్ మాత్రం ఫ్రెంచి నుంచి వెళ్ళింది, మన రెస్తేకి చుట్టం అదొక్కటే.

నా పద్ధతి అయితే ముందు తెలుగులో అనుకోవడం. ఉండిపోవడమా, మిగలడమా? ఉండిపోతే స్టే, లేదా రిమైన్: "రెస్త్ ఇసి" స్టే హియర్, "రెస్త్ కాల్మ్" స్టే కామ్. మిగిలితే ముందు ఇల్ (ఇక్కడ ఇంగ్లీషు ఇట్ లాంటిది) వస్తుంది, ఇంగ్లీషులో లెఫ్ట్ అవుతుంది: "ఇల్ రెస్త్ దు రి" అన్నం మిగిలింది, దేర్ ఈజ్ సమ్ రైస్ లెఫ్ట్. "ఇల్ రెస్త్ త్రువా తొమాత్", టమాటాలు మూడున్నా క్రియ ఏకవచనమే. "ఇల్ మ రెస్త్ దిజ్ ఉరో", నా దగ్గర పది యూరోలు మిగిలాయి, ఐ హావ్ టెన్ యూరోస్ లెఫ్ట్. "ఇల్ న రెస్త్ ప్లు ద రి", అన్నం అయిపోయింది. రాత్రి మిగిలిన కూరలని కూడా "లే రెస్త్" అనే అంటారు.

హోటల్లో దిగాను అనడానికి నేనైతే "జ లోజ్" వాడతా, "జ రెస్త్ ఆ లోతెల్" అంటే బయటికి రాను, హోటల్లోనే ఉండిపోతా అన్నట్టు వినిపిస్తుంది. కెనడాలో క్యుబెక్ వాళ్ళ నోట మాత్రం "జ రెస్త్ ఆ మోంరేయాల్" అంటే మా ఇల్లు మాంట్రియల్లో అని, ఐ లివ్ అన్నమాట.

పాస్ట్‌లో ఎత్ర్ (ఇంగ్లీషు బి) తోనే, అవువార్ (ఇంగ్లీషు హావ్) తో కాదు: "జ సుయి రెస్తే త్రువా జూర్ ఆ లియోఁ", ఐ స్టేడ్ త్రీ డేస్ ఇన్ లియోఁ. ఆడవాళ్ళు రాసేటప్పుడు రెస్తే చివర ఇంకో e అక్షరం చేర్చండి, పలకడంలో తేడా లేదు.

అన్నట్టు, అభ్యాసం. ఇవాళ రాత్రి ఫ్రిజ్ తలుపు తీసి నిలబడి, లోపల ఏం మిగిలాయో ఏం అయిపోయాయో పన్నెండు వాక్యాలు పైకే చెప్పండి, తర్వాత వాటి ఇంగ్లీషు రాయండి, రెస్ట్ అనే మాట ఒక్కచోట కనిపించినా పన్నెండూ మళ్ళీ మొదటి నుంచి.