ఫ్లూ టీకా తర్వాత భుజం పట్టేస్తే: అమెరికాలో పరిహారం ఎలా అడగాలి

టీకా వేసిన చెయ్యి రెండు రోజులు నొప్పిగా ఉండటం మామూలే. నాకు అలా తగ్గలేదు. ఆ రాత్రే ఎడమ భుజం పట్టేసింది. వారాలు గడిచినా జడ వేసుకోవడానికి చెయ్యి వెనక్కి వెళ్లేది కాదు. సూది కండలో కాకుండా మరీ పైన పడితే కీలు దగ్గర వాపు వచ్చి ఇలా అవుతుంది. దీన్ని ఇక్కడ 'సర్వా' అంటారు. తప్పు టీకాది కాదు, అది పడిన చోటుది. అందుకే ఇప్పటికీ ఏటా ఫ్లూ షాట్ తీసుకుంటున్నాను, కుడి చేతికి.

దీనికోసం 1986 చట్టంతో వచ్చిన టీకా నష్టపరిహార కార్యక్రమం ఉంది. ఏ టీకాకు ఏ ఇబ్బంది వస్తే పరిహారం ఇస్తారో చెప్పే దాని పట్టికలో 2017 నుంచి సర్వా కూడా ఉంది. టీకా అమెరికాలో వేయించుకుని ఉంటే చాలు, పౌరసత్వం అక్కర్లేదు. వీసా మీద ఉన్నామని భయపడి ఊరుకోకండి. ఇది సూది వేసిన మనిషి మీద పెట్టే కేసు కూడా కాదు. ప్రతివాది కేంద్ర ఆరోగ్య శాఖ కార్యదర్శి.

పట్టికలో చూసేవి ఇవి: నొప్పి 48 గంటల్లోపు మొదలవ్వాలి. నొప్పి, కదలిక తగ్గడం ఆ భుజానికే పరిమితమై ఉండాలి. అదే భుజానికి ముందునుంచీ సమస్య ఉండకూడదు, వేరే జబ్బు కారణం కాకూడదు. బాధ 6 నెలలకు మించి ఉండాలి, లేదా ఆసుపత్రిలో చేరి సర్జరీ చేయించుకుని ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యం, మొదటిసారి డాక్టర్ దగ్గర మీరు చెప్పే మాట. మనవాళ్లు "కొంచెం నొప్పండీ, పర్వాలేదు" అని తగ్గించి చెప్తారు. రికార్డులో ఉత్త 'భుజం నొప్పి' అని ఉంటే, అది ఎప్పుడు మొదలైందని ప్రభుత్వ లాయర్లు తర్వాత వాదిస్తారు. కాబట్టి ఆలస్యం చేయకుండా వెళ్లి, "ఫలానా తేదీన ఈ చేతికి ఫ్లూ షాట్ వేశారు, ఆ రాత్రే నొప్పి మొదలైంది" అని స్పష్టంగా చెప్పండి. ఇంటికొచ్చాక ఆన్‌లైన్‌లో మీ వైద్య రికార్డులు కనిపించే పోర్టల్లో అలాగే రాశారో లేదో చూసుకోండి, తేడా ఉంటే దిద్దమని అడగండి. ఫార్మసీ రికార్డులో చెయ్యి కుడి ఎడమలు తారుమారు కావడం కూడా జరుగుతుంది. ఫిజికల్ థెరపీలో చెయ్యి ఎంతవరకు లేస్తోందో కొలిచి రాసే నోట్స్, ఎమ్మారై, టీకాకు ముందటి రికార్డులు అన్నీ తెప్పించుకోండి. మావారు తను కళ్లారా చూసింది ప్రమాణపత్రంగా రాసిచ్చారు. అప్పట్లో అక్కకు పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లు కూడా పనికొచ్చాయి.

పిటిషన్ వాషింగ్టన్‌లోని ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టులో వేయాలి. ఈ కేసులు వినడానికి ఆ కోర్టు నియమించే అధికారి, స్పెషల్ మాస్టర్, విచారిస్తారు. టీకా కేసులు చూసే లాయర్ల జాబితా కోర్టు వెబ్‌సైట్లోనే ఉంటుంది. నిజాయితీగా, తగిన ఆధారంతో వేసిన కేసైతే ఓడినా లాయర్ ఫీజు కార్యక్రమమే ఇవ్వగలదు. మీ పరిహారంలో వాటా అడగడం చట్టవిరుద్ధం. అలా అడిగితే లేచి వచ్చేయండి.

గడువు 3 ఏళ్లు. లెక్క మొదటి లక్షణం కనిపించిన రోజు నుంచి, ఎమ్మారై తీసిన రోజు నుంచి కాదు. బాధకు ఇచ్చే పరిహారం 2,50,000 డాలర్లు మించదు. చేతినుంచి పెట్టిన వైద్య ఖర్చులు, పోయిన జీతం దానికి అదనం.

కోవిడ్ టీకాకు దారి వేరు, గడువు ఒక్క ఏడాదే. రెండూ ఒకేరోజు వేయించుకుంటే ఏది ఏ చేతికి వేశారో అక్కడే కాగితం మీద రాయించుకోండి.