ఆర్బిట్రేషన్ క్లాజుకు ఏ దేశపు చట్టం వర్తిస్తుందో తేల్చుకోవడం ఎలా?

హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ లండన్ కొనుగోలుదారుతో కాంట్రాక్టు కుదుర్చుకుందనుకుందాం. 'ఈ కాంట్రాక్టుకు భారతీయ చట్టం వర్తిస్తుంది' అని ఒకచోట, 'వివాదం వస్తే లండన్ సీటుగా ఆర్బిట్రేషన్' అని మరోచోట రాసుకున్నారు. ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు బదులు మధ్యవర్తుల చేత వివాదం తేల్చుకోవడం; సీటు అంటే చట్టం దృష్టిలో ఆ ఆర్బిట్రేషన్‌కు నెలవైన చోటు. సరుకు నాణ్యత, బకాయిల సంగతి భారతీయ చట్టమే చూసుకుంటుంది. మరి ఆ ఆర్బిట్రేషన్ క్లాజు చెల్లుతుందా, సంతకం చేయని అనుబంధ కంపెనీని కూడా అందులోకి లాగవచ్చా అన్నవి ఏ చట్టం ప్రకారం తేలాలి? కేసు గెలుపోటములు ఒక్కోసారి దీనిమీదే ఆధారపడతాయి.

1. మూడు చట్టాలను విడదీయండి. కాంట్రాక్టుకు వర్తించేది ఒకటి, ఆర్బిట్రేషన్ నడిచే తీరును, దానిపై కోర్టుల అజమాయిషీని నిర్ణయించే సీటు చట్టం ఇంకొకటి, ఆర్బిట్రేషన్ ఒప్పందానికి వర్తించేది మూడోది. మన 1996 ఆర్బిట్రేషన్ చట్టం సెక్షన్ 16 ఆర్బిట్రేషన్ క్లాజును మిగతా కాంట్రాక్టు నుంచి విడి ఒప్పందంగా చూడమంటుంది. ఈ మూడో ప్రశ్న అక్కడి నుంచే పుట్టింది.

2. స్పష్టమైన మాట ఉందేమో వెతకండి. 'ఈ ఆర్బిట్రేషన్ ఒప్పందానికి ఫలానా చట్టం' అని ఉంటే దాదాపు పని అయిపోయినట్టే. ఆర్బిట్రేషన్ నడపడానికి ఎంచుకున్న సంస్థ నియమాలు కూడా చదవండి. లండన్ సంస్థ ఎల్‌సీఐఏ 2020 నియమాల ప్రకారం, రాతపూర్వకంగా వేరే చట్టం ఎంచుకోకపోతే సీటు చట్టమే వర్తిస్తుంది.

3. సీటు ఏదో ఖాయం చేసుకోండి. కాంట్రాక్టులో 'వెన్యూ' (విచారణ జరిగే చోటు) అని మాత్రమే ఉన్నా, దానికి విరుద్ధమైన సూచనలేవీ లేకపోతే ఆ ఊరినే సీటుగా తీసుకోవచ్చని మన సుప్రీంకోర్టు 2019లో బీజీఎస్ సోమా కేసులో చెప్పింది.

4. ప్రశ్న ఏ దేశపు కోర్టు ముందుకు వెళ్తుందో చూడండి. అసలు చిక్కు ఇక్కడే. ఇంగ్లండ్‌లో 2020 నాటి ఎన్కా తీర్పు, కాంట్రాక్టుకు ఎంచుకున్న చట్టమే మామూలుగా ఆర్బిట్రేషన్ ఒప్పందానికీ వర్తిస్తుందంది. 2025 ఆర్బిట్రేషన్ చట్టం దాన్ని తిరగరాసింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి మొదలైన ఆర్బిట్రేషన్లలో, ఆర్బిట్రేషన్ ఒప్పందానికంటూ వేరే చట్టాన్ని స్పష్టంగా ఎంచుకోకపోతే సీటు చట్టమే వర్తిస్తుంది. కాంట్రాక్టుకు చట్టం ఎంచుకున్నంత మాత్రాన అది చాలదు.

మన సుప్రీంకోర్టు అదే ఏడాది మార్చిలో డిసోర్తో కేసులో మరో దారి పట్టింది. ఆ కాంట్రాక్టులో భారతీయ చట్టం, గుజరాత్ కోర్టుల అధికారం ఉన్నాయి. ఆర్బిట్రేషన్ మాత్రం కొలంబియాలోని బొగోటాలో అని ఉంది. కాంట్రాక్టుకు ఎంచుకున్న చట్టం ఆర్బిట్రేషన్ ఒప్పందానికీ వర్తిస్తుందన్న బలమైన భావనతో మొదలుపెట్టి, కోర్టు భారతీయ చట్టమే అని తేల్చింది. అందుకే మన హైదరాబాద్ కంపెనీ కాంట్రాక్టుకు లండన్ కోర్టు ఇంగ్లిష్ చట్టం అంటే, ఢిల్లీ కోర్టు భారతీయ చట్టం వైపు మొగ్గే అవకాశం ఎక్కువ. కాగితం ఒకటే అయినా జవాబులు రెండు రావచ్చు. వ్యాపారులకు ఇది అన్యాయమే అని నా అభిప్రాయం.

5. వచ్చిన జవాబు క్లాజును చంపేస్తుందేమో చూడండి. సింగపూర్ సీటు ఉన్న అనుపమ్ మిట్టల్ కేసులో కాంట్రాక్టు చట్టం భారతీయం. వాటాదారుల అణచివేత ఫిర్యాదులు భారతీయ చట్టం కింద ఆర్బిట్రేషన్‌కు వెళ్లవు. ఆ చట్టాన్నే క్లాజుకూ వర్తింపజేస్తే ఆర్బిట్రేషన్ చేసుకోవాలన్న ఇరుపక్షాల ఉద్దేశమే దెబ్బతింటుందని, సింగపూర్ చట్టమే వర్తిస్తుందని అక్కడి అప్పీలు కోర్టు 2023లో తేల్చింది.

6. అమలు దశనూ ఆలోచించండి. విదేశీ అవార్డుల (ఆర్బిట్రేషన్ తీర్పుల) అమలుకు సంబంధించిన 1958 నాటి న్యూయార్క్ ఒడంబడిక, దాన్ని అనుసరించే మన 1996 చట్టం సెక్షన్ 48 ఇరుపక్షాలు ఎంచుకున్న చట్టాన్నే మొదట చూస్తాయి. అలాంటి సూచనేదీ లేకపోతే అవార్డు వెలువడిన దేశపు చట్టం చూస్తాయి.

కొత్త కాంట్రాక్టు రాస్తుంటే ఈ శ్రమంతా ఒక్క వాక్యంతో తప్పుతుంది: 'ఈ ఆర్బిట్రేషన్ ఒప్పందం చెల్లుబాటు, పరిధి, అర్థ నిర్ణయం ఇంగ్లండ్ చట్టం ప్రకారం జరుగుతాయి.' మరీ బలమైన కారణం లేకపోతే సీటు దేశపు చట్టాన్నే పెట్టుకోండి. హాంకాంగ్ ఆర్బిట్రేషన్ కేంద్రం నమూనా క్లాజులో ఇలాంటి వాక్యానికి చోటుంది. పాత కాంట్రాక్టులకైతే సవరణ ఒప్పందంగా ఈ వాక్యాన్ని చేర్చుకోవచ్చు, కానీ ఇరుపక్షాల మధ్య మాటలు సాఫీగా నడుస్తున్నప్పుడే. నోటీసులు వెళ్లాక అవతలివాళ్లు సంతకం పెట్టరు.