టెక్సాస్‌లో ఇల్లు కొనేటప్పుడు: ఏజెంట్ ఎవరి మనిషి?

డాలస్ దగ్గరి ఫ్రిస్కో, ప్రాస్పర్ వైపు కొత్త కమ్యూనిటీల్లో మోడల్ హోమ్ చూపించే సేల్స్ కౌన్సెలర్ ఎంత కలుపుగోలుగా మాట్లాడినా బిల్డర్ మనిషే. మీ అపార్ట్‌మెంట్ లీజు ఎప్పుడు అయిపోతుంది, బడ్జెట్ ఎంత అని అడిగేది బిల్డర్ కోసమే. "ఆరు లక్షల దాకా పెట్టగలం" అని నోరు జారితే బేరం అక్కడితో సరి.

మీ తరఫున ఏజెంట్ ఉండాలనుకుంటే మొదటిసారే వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ రోజు రాయించుకునే వివరాల్లో ఏజెంట్ పేరు లేకపోతే చాలామంది బిల్డర్లు తర్వాత కమీషన్ ఇవ్వరు. ఊరికే చూసొద్దామని ఆదివారం పూట వెళ్లి ఫోన్ నంబర్ రాసిచ్చినవాళ్లే ఇక్కడ ఇరుక్కునేది. పోనీ, ఆ మిగిలిన డబ్బు మీకు ధరలో తగ్గిస్తారా అంటే ఆ భరోసా లేదు.

రీసేల్ ఇళ్ల (ఇదివరకే ఒకరి సొంతమైనవి) సంగతి వేరు. 2024 ఆగస్టు 17 నుంచి ఎంఎల్‌ఎస్‌లో (ఏజెంట్లు అమ్మకానికున్న ఇళ్ల వివరాలు పంచుకునే జాబితా) ఉన్న ఏజెంట్ మీకు ఇల్లు చూపించాలంటే ముందే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. ఓపెన్ హౌస్‌కి (ఎవరైనా వచ్చి చూసేలా ఇల్లు తెరిచి ఉంచే రోజు) మీ అంతట మీరు వెళ్తే అక్కర్లేదు. సంతకానికి ముందు నాలుగు విషయాలు చూడండి. గడువు ఆరు నెలలు రాసుంటే, కొత్త ఏజెంట్‌తో మొదట ఒక వారానికో, ఒక్క ఇంటికో రాయమనండి. ఏరియా డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్-ఫోర్ట్ వర్త్) మొత్తం కాకుండా మీరు వెతికే ఊళ్లే ఉండాలి. ప్రొటెక్షన్ పీరియడ్ అని ఒకటుంటుంది: గడువు ముగిశాక కూడా ఏజెంట్ చూపించిన ఇల్లు ఒప్పందంలో రాసిన అన్ని రోజుల్లోపు కొంటే ఫీజు కట్టాల్సిందే. ఇక ఫీజు. దీనికి ప్రభుత్వం పెట్టిన రేటంటూ లేదు, బేరమాడవచ్చు. అయిదు లక్షల డాలర్ల ఇంటికి 2.5 శాతం ఒప్పుకుంటే 12,500 డాలర్లు. అమ్మేవాళ్లు 2 శాతమే ఇస్తామంటే తక్కువపడ్డ 2,500 మీ చేతి నుంచే, అదీ క్లోజింగ్ (ఇల్లు మీ పేరు మీదికి మారే) రోజున. అందుకే ఆఫర్ రాసేటప్పుడే అమ్మేవాళ్లు ఎంత భరించాలో అందులో పెట్టించండి.

మీకు నచ్చిన ఇంటిని అమ్మిపెట్టేది కూడా మీ ఏజెంట్ పనిచేసే బ్రోకరేజ్ (బ్రోకర్ నడిపే ఏజెంట్ల సంస్థ) అయితే "ఇంటర్మీడియరీ" (రెండు పక్షాలకూ మధ్యవర్తి) అనే మాట వస్తుంది. అప్పుడు బ్రోకర్ ఏ పక్షానికీ మొగ్గకూడదు. రెండు పక్షాలకూ వేర్వేరు ఏజెంట్లను నియమిస్తేనే మీకు ధర మీద సలహా దొరుకుతుంది. ఒకే మనిషి రెండు వైపులా తిరుగుతుంటే ఆ ఇంటికి వేరే బ్రోకరేజ్ నుంచి ఏజెంట్‌ను అడగడమే మేలు. కాకపోతే ముందు సంతకం చేసిన ఒప్పందం నుంచి ఆ ఇంటిని రాతపూర్వకంగా మినహాయించుకోవాలి.

మనవాళ్లలో రిబేట్ (ఏజెంట్ తన కమీషన్‌లో కొంత మీకు తిరిగివ్వడం) మాట బాగా వినిపిస్తుంది. టెక్సాస్‌లో కొనేవాళ్లకి రిబేట్ ఇవ్వడం చట్టబద్ధమే. కానీ వాట్సాప్‌లో "చూసుకుందాం అన్నా" అంటే చాలదు. ఒప్పందంలో రాయించాలి, ఇంటి లోన్ ఇచ్చే లెండర్‌కి ముందే చెప్పాలి, క్లోజింగ్ లెక్కల్లో కనబడాలి.

ఏజెంట్ నచ్చకపోతే బ్రోకర్ నుంచి రద్దు కాగితం తీసుకున్నాకే ఇంకొకరి దగ్గర సంతకం పెట్టండి. ఎక్స్‌క్లూజివ్ (వేరే ఏజెంట్‌ను పెట్టుకోనన్న) ఒప్పందాలు రెండుంటే ఒకే ఇంటికి ఇద్దరూ ఫీజు అడగవచ్చు.