ఫిజీ పల్లెలో యంగోనా గిన్నె ముందు కూర్చోబోయే వాళ్లకి

ఫిజీ వెళ్లినవాళ్లు రిసార్టు దగ్గరే ఆగిపోకుండా యసావా దీవుల్లోనో కండావులోనో ఒక పల్లెకి వెళ్లాలనుకుంటే, ముందు యంగోనా అనే పానీయం సంగతి తెలుసుకోండి. బయట దీన్నే కావా అంటారు. అక్కడ పెద్దవాళ్ల సాయంత్రాలన్నీ దీని చుట్టూనే గడుస్తాయి.

ఇది సారా కాదు. మన మిరియం, తమలపాకు ఏ జాతివో ఇదీ ఆ జాతి మొక్కే, దీని వేళ్లు ఎండబెట్టి, దంచి, చన్నీళ్లలో పిసికి గుడ్డతో వడకడతారు. చూడ్డానికి బురదనీళ్లలా ఉంటుంది, తాగితే మట్టివాసన, చేదు. కాసేపటికి నాలుక, పెదాలు మొద్దుబారతాయి, ఒళ్లు వదులవుతుంది, మాట నెమ్మదిస్తుంది.

బయల్దేరే ముందే నాండి మార్కెట్లోనో లౌటోకాలోనో అరకిలో ఎండు వేళ్లు కట్టగా కొనుక్కోండి. పొడి వద్దు, వేళ్లే. వాకా అని అడిగితే సన్నవేళ్లు ఇస్తారు. దీన్ని గిఫ్టు అనుకోకండి. మీ ఊళ్లోకి రావచ్చా అని ఊరి పెద్దని అడిగే మాట అది, దాన్ని సెవుసెవు అంటారు. అందుకే దాని బదులు విస్కీ సీసా పట్టుకెళ్లకండి, దయచేసి. ఊళ్లో అడుగుపెట్టగానే టోపీ, నల్లద్దాలు తీసేయాలి, బ్యాగు భుజాన కాకుండా చేత్తో పట్టుకోవాలి. ఆడవాళ్లయినా మగవాళ్లయినా భుజాలు, మోకాళ్లు కప్పుకోవాలి. సులు అని లుంగీలాంటి గుడ్డ దొరుకుతుంది, అది చుట్టుకుంటే సరిపోతుంది. చెప్పులు గుమ్మం బయటే వదలాలి, అది మనకి చెప్పక్కర్లేదు.

లోపల చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చోండి. మధ్యలో తానోవా అనే చెక్క గిన్నె ఉంటుంది, దానివైపు గానీ ఊరి పెద్దవైపు గానీ కాళ్లు చాపకూడదు. వేళ్లకట్ట నేరుగా ఊరి పెద్ద చేతికి ఇవ్వరు, ముందు నేల మీద పెడతారు, మీ తరఫున మాట్లాడే మనిషి మాట్లాడతాడు. తర్వాత కొబ్బరిచిప్ప మీ దగ్గరికి వస్తుంది. అరచేతులు దోనెలా వంచి ఒకసారి బరువుగా చప్పట్లు కొట్టి, బులా అని (అక్కడి పలకరింపు అది), చిప్ప అందుకుని ఒక్క గుక్కలో తాగేయండి. చిప్ప తిరిగిచ్చి మూడుసార్లు చప్పట్లు. చప్పరిస్తూ కూర్చుంటే ఆ రుచికి ఇంకా కష్టం. ఎక్కువ తాగలేమనిపిస్తే "లో టైడ్" అని చెప్పండి, సగం చిప్పే పోస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. నేను రెండో చిప్ప నుంచీ అదే అడిగాను.

లివర్ జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, నిద్రమాత్రలు వేసుకునేవాళ్లు తాగొద్దు. మద్యంతో అసలు కలపొద్దు, తాగాక బండి నడపొద్దు. ఏళ్లతరబడి రోజూ తాగేవాళ్లకి చర్మం పొలుసుల్లా ఎండిపోతుంది. రాత్రంతా గిన్నె దగ్గర కూర్చుని పొద్దున పనికి లేవలేని మగవాళ్ల గురించి అక్కడి ఆడవాళ్లు పడే బాధ కూడా నిజమే, మర్యాద కాబట్టి అంతా మంచిదేనని నేను చెప్పను.

1903 నుంచి మద్రాసు రేవు మీదుగా గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పంద కూలీలుగా, వెళ్లిన తెలుగువాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు దీన్ని గ్రాగ్ అంటూ తాగుతారు. వాళ్లింట్లో అయితే ఇంత పద్ధతి ఉండదు, చప్పట్లు మాత్రం ఉంటాయి.

మధ్యలో లేవాల్సి వస్తే కూర్చున్నవాళ్ల మీదుగా నిటారుగా నడిచిపోకండి. నడుము వంచి, తులౌ, తులౌ (అంటే క్షమించండి) అంటూ వెనకనుంచి వెళ్లండి, పక్కకి జరిగి దారి ఇస్తారు.