వైజాగ్‌లో కూర్చుని ఆస్ట్రేలియా స్పీడ్‌వే చరిత్ర తెలుసుకోవడం ఎలా?

స్పీడ్‌వే అంటే గుండ్రటి మట్టి ట్రాక్‌మీద జరిగే మోటారుసైకిల్ పందెం. ముందు బండి సంగతి చూడండి, తేదీలు తర్వాత. ఇప్పటి బండికి 500 సీసీ ఇంజను, ఒకటే గేరు, ఇంధనం మిథనాల్, బ్రేకులు అసలే ఉండవు. మలుపులో వెనక చక్రం పక్కకి జారుతుంటే, ఎడమ బూటుకి తొడిగిన ఉక్కు తొడుగుని మట్టిమీద ఆనించి తిప్పుతారు. ఇది వీడియో ఆపి ఆపి చూడాలి, నేనైతే ఆర్కే బీచ్ గట్టుమీద కూర్చుని ఒక్క మలుపునే పదిసార్లు చూశాను, ఒళ్లు జలదరించింది.

తర్వాత 1923 డిసెంబరు 15కి వెళ్లండి. న్యూ సౌత్ వేల్స్‌లోని వెస్ట్ మైట్‌లాండ్, జానీ హోస్కిన్స్ నడిపించిన పోటీ. ఆట అక్కడే పుట్టిందా అన్నదానిమీద వాదన ఉంది, అయినా మొదలుపెట్టడానికి అదే మంచి చోటు.

అక్కడినుంచి నేరుగా 1936, లండన్‌లోని వెంబ్లీ స్టేడియం. మొదటి ప్రపంచ ఫైనల్ గెలిచింది సిడ్నీ కుర్రాడు లయనెల్ వాన్ ప్రాగ్, అదీ ఇంగ్లండ్ రైడర్ ఎరిక్ లాంగ్టన్‌తో పాయింట్లు సమానమై, ఇద్దరికీ మళ్లీ ఒక రేసు పెట్టాక!