ఏఎస్/400 కమాండ్ లైన్ నుంచి కాల్: అంకెలు, అక్షరాలు సరిగ్గా పంపాలంటే

ఐబీఎం వ్యాపార కంప్యూటర్ సిస్టమ్ ఏఎస్/400లో, ఇప్పటి పేరుతో ఐబీఎం ఐలో, ఒక ప్రోగ్రామ్‌ను నడిపించే కాల్ కమాండ్ అవతలి ప్రోగ్రామ్ ఎంత పొడవు కోరుతోందో చూడదు. మీరు కొట్టిన విలువను తన పద్ధతిలో మెమరీలో పెట్టి, ఆ అడ్రస్ అందిస్తుంది. చిక్కంతా అక్కడే.

కోట్స్ లేని అంకె మామూలుగా 15 అంకెల ప్యాక్డ్ డెసిమల్‌గా (బైట్‌కు రెండు అంకెలు, చివరి సగం బైట్‌లో ప్లస్ లేదా మైనస్ గుర్తు) వెళ్తుంది. అందులో చివరి 5 దశాంశ స్థానాలు. మొత్తం 8 బైట్లు. ఆర్‌పీజీ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మీ ప్రోగ్రామ్‌లో పారామీటర్ (అది బయటి నుంచి తీసుకునే విలువ) దశాంశాలు లేని 5 అంకెల ప్యాక్డ్, అంటే 3 బైట్లు అనుకుందాం. 123 కొడితే మెమరీలో పడేది 00 00 00 01 23 00 00 0ఎఫ్. ప్రోగ్రామ్ చదివేది మొదటి మూడు బైట్లే: 00 00 00. మూడో బైట్ చివర ఎఫ్ (ప్లస్), డి (మైనస్) లాంటి గుర్తు ఉండాలి, ఉన్నదేమో సున్నా. వెంటనే ఎంసీహెచ్1202, డెసిమల్ డేటా ఎరర్. ఫైల్‌లో డేటా చెడిందేమోనని వెతికే ముందు పారామీటర్ చూడండి.

టెస్టింగ్‌కైతే హెక్స్‌లో, అంటే మెమరీలో పడాల్సిన బైట్లనే నేరుగా రాసి, పంపండి: ఎక్స్'00123ఎఫ్'. మైనస్ అయితే చివర డి. 6 అంకెల పారామీటర్‌కు 4 బైట్లు కావాలి, కనుక ఎక్స్'0000123ఎఫ్'. ప్రోగ్రామ్ మీ చేతిలోదే అయితే పారామీటర్‌నే 15, 5గా డిక్లేర్ చేసి, లోపల మీ వేరియబుల్‌లోకి మార్చుకోవచ్చు.

అక్షరాలది ఇంకా మోసం, ఎందుకంటే ఒక్కోసారి బాగానే నడుస్తుంది. 32 అక్షరాల లోపు విలువకు కుడివైపు బ్లాంకులు చేరి 32 అవుతుంది. అంతకు మించితే ఉన్నంత పొడవే వెళ్తుంది. ప్రోగ్రామ్ 50 కోరితే మిగతా 18 స్థానాల్లో మెమరీలో ఏది ఉంటే అది కనిపిస్తుంది. విలువను బ్లాంకులతో 50 దాకా నింపి, 51వ స్థానంలో ఏదో ఒక అక్షరం పెట్టండి. ప్రోగ్రామ్ దాన్ని చదవదు. కోట్స్ మరవకండి: అవి లేకపోతే చిన్న అక్షరాలు పెద్దవైపోతాయి, 00123 లాంటి కోడ్ అంకెగా మారిపోతుంది.

సీఎల్‌లో (ఈ సిస్టమ్ కమాండ్లతో ప్రోగ్రామ్ రాసే భాష) వేరియబుల్‌తో నేరుగా కాల్ చేస్తే డిక్లేర్ చేసిన పొడవే వెళ్తుంది. అదే కాల్‌ను ఎస్‌బీఎమ్‌జాబ్‌లో (పనిని వెనక బ్యాచ్‌లో నడపడానికి పంపే కమాండ్) పెడితే వేరియబుల్ మళ్లీ మామూలు విలువగా మారి, పై నియమాలన్నీ వర్తిస్తాయి. పగలు నడిచింది రాత్రి బ్యాచ్‌లో పడిపోయేది ఇందుకే.

తరచూ వాడే ప్రోగ్రామ్‌కు, కొత్త కమాండ్ తయారు చేసే సీఆర్‌టీసీఎండీతో సొంత కమాండ్ చేసుకోండి. దాని పారామీటర్లను వివరించే పారమ్ స్టేట్‌మెంట్లలో ఒకదానికి డెసిమల్ 5, 0, ఇంకోదానికి క్యారెక్టర్ 50 అని రాస్తే చాలు, సిస్టమే సరైన పొడవులో అందిస్తుంది. ఎస్‌బీఎమ్‌జాబ్‌లోనూ కాల్ బదులు ఆ కమాండే ఇవ్వండి.