తేనెపెట్టె తెరిచే ముందు అరటిపండు తినకండి

తేనెటీగల పెంపకాన్ని సేవగా, ధ్యానంగా చేసేవాళ్లలో కొందరు పొద్దున్నే పూజ ముగించి నేరుగా పెట్టె దగ్గరికి వెళ్తారు. దయచేసి ఆ వరస మార్చండి. ముందు ఈగలు, తర్వాత పూజ. ప్రసాదమైనా సరే, అరటిపండు తిని మాత్రం వెళ్లొద్దు. ఈగ కుట్టినప్పుడు తోటి ఈగలను హెచ్చరిస్తూ వదిలే వాసనలో ముఖ్యమైనది ఐసోఅమైల్ ఎసిటేట్ అనే రసాయనం. పండిన అరటిపండు ఘుమఘుమలోనూ అదే ఉంటుంది! అత్తరు, సెంటు, ఘాటైన తలనూనె కూడా వద్దు.

రెండోది ఊపిరి. మన ఊపిరి ఫ్రేముల (పెట్టెలో ఈగలు పట్టు కట్టే చట్రాల) మీద పడితే ఈగలు చిరాకుపడతాయి. పెట్టె ద్వారానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి, ముఖం తిప్పి నెమ్మదిగా వదలండి. నిజానికి ఇదే మంచి ప్రాణాయామం అని నా నమ్మకం. జపం అలవాటుంటే పైకి అనకుండా మనసులోనే చేసుకోండి, చేతులు వాటంతటవే నెమ్మదిస్తాయి.

ఒకవేళ కుడితే ముల్లుని వెంటనే గోటితో గీకేసి, ఆ చోట కాస్త పొగ పట్టండి. లేకపోతే ఆ వాసనకి మిగతావీ అక్కడికే వస్తాయి. ఒంటినిండా దద్దుర్లు, ఆయాసం కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.